480 పెద్దదా, 455 పెద్దదా?

వాన కురుస్తోంది. ఎలక్ట్రిక్ కారు డాష్‌బోర్డు మీద, మిగిలిన చార్జితో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలమో చెప్పే చోట 98 అంకె వెలుగుతోంది. అమ్మ ఇల్లు ఇంకా 78 కిలోమీటర్ల దూరంలో ఉంది.

98లోంచి 78 తీసేస్తే 20 మిగులుతుంది కదా, ఇంక భయమెందుకు అనుకుంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని, కానీ పొద్దున ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు అదే చోట 431 అని ఉంది. అప్పటికి నేను నడిపింది 190 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 241 మిగలాలి, మిగిలింది 98. మధ్యలో 143 కిలోమీటర్లు ఎటు పోయాయో తెలియదు. లెక్కల పుస్తకాలు సరిచూసే ఉద్యోగం నాది. మూడు రూపాయలు తేడా వస్తే సాయంత్రం దాకా కూర్చునే మనిషిని. అలాంటిది కళ్లెదుటే 143 కిలోమీటర్లు మాయమైపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ కారు నాది కాదు. కొనాలా వద్దా తేల్చుకుందామని రెండు రోజులకు అద్దెకు తీసుకున్న ఎలక్ట్రిక్ కారు. ఎత్తుగా, తెల్లగా, దర్జాగా ఉంటుంది. బ్రోషర్‌లో ఒక్క చార్జికి 480 కిలోమీటర్లని రాశారు. అమ్మ ఇల్లు 268 కిలోమీటర్లు. "480 అంటున్నారు, పోయి రావడానికి కూడా దాదాపు సరిపోతుందేమోనే" అంది అమ్మ ఫోన్లో. షోరూమ్ అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి, "మేడమ్, మీరు చార్జింగ్ సంగతే మర్చిపోవచ్చు" అన్నాడు. ఆ వానలో నాకు చార్జింగ్ తప్ప ఇంకేదీ గుర్తు లేదు.

ఏసీ తగ్గించాను. వేగం 110 నుంచి 80కి దించాను. లారీలు నన్ను దాటుకుంటూ పోయాయి. పక్క సీట్లో మా వాడు "అమ్మా, నడిచి వెళ్దామా?" అని అడిగాడు. చివరికి 9 శాతంతో ఇల్లు చేరాం. కారు ఆగిపోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, నాకు మాత్రం మెడ పట్టేసింది.

ఆ తర్వాత రెండు నెలల పాటు, ఒక్క చార్జికి ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఈ రేంజ్ అనే అంకె వెనకపడ్డాను. నాకు తేలిందేమిటంటే, రేంజ్ అనేది కారుకి సంబంధించిన అంకె కాదు. కారు, వేగం, దారి, ఆ రోజు వాతావరణం అన్నీ కలిస్తే వచ్చే అంకె. బ్రోషర్‌లో రాసింది వేరే ఎవరో, వేరే వేగంతో, వేరే పరిస్థితుల్లో నడిపినప్పుడు వచ్చిన ఫలితం. అబద్ధం అనలేం. మన రోజుకి సంబంధించిన నిజం కాదు, అంతే.

ముందు ఆ 480 ఎక్కడ పుట్టిందో చెప్తాను. పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో రోలర్ల మీద కారుని నిలబెట్టి, ముందే రాసిపెట్టుకున్న వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు అమల్లోకి వచ్చిన పద్ధతి పేరు డబ్ల్యూఎల్‌టీపీ. ముప్పై నిమిషాలు, సుమారు 23 కిలోమీటర్లు. అందులో వేగం ఒక దశలో 131 దాకా వెళ్తుంది. అది చూసి మొదట సంతోషించాను. కానీ మొత్తం మీద సగటు వేగం గంటకు 46.5 కిలోమీటర్లే. గది ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, ఏసీ కట్టేసి ఉంటుంది. వాన లేదు, ఎదురుగాలి లేదు, వెనక సీట్లో నలుగురు లేరు. దానికి ముందున్న ఎన్‌ఈడీసీ ఇంకా మెత్తనిది. సగటు వేగం 34 దగ్గర, అదీ ఇరవై నిమిషాల్లో ముగిసిపోతుంది. చైనాలో వాడే సీఎల్‌టీసీలో సగటు 29. భారత్‌లోని ఎంఐడీసీ పట్టికలో అత్యధిక వేగమే 90. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు మాత్రం సిటీ పట్టిక, హైవే పట్టిక రెండూ నడిపాక, వచ్చిన దూరాన్ని మామూలుగా 0.7తో గుణిస్తారు. అంటే మూడో వంతుకు కాస్త తక్కువ ముందే కోసేస్తారు. ప్రయోగశాలని పూర్తిగా నమ్మకూడదని తెలిసిన వాళ్ల పద్ధతి అది. నాకు నచ్చింది.

అందుకే ఒక కారుకి ఒక పద్ధతి అంకె, ఇంకో కారుకి ఇంకో పద్ధతి అంకె పక్కపక్కన పెట్టి ఇది పెద్దది అది చిన్నది అనడం అర్థం లేని పని. ఆ పని నేనే చేశాను, ఒక వారం పాటు. నేను మొదట వేసిన పట్టికలో మూడు కార్లుంటే మూడింటికీ మూడు పద్ధతుల అంకెలు. ఆఫీసులో ఎవరైనా అలాంటి పట్టిక తెస్తే వెనక్కి పంపేదాన్ని.

ఇంకో చిన్న మాట కూడా చూసుకోవాలి. బ్రోషర్‌లో "480 కిలోమీటర్ల వరకు" అని ఉంది. ఆ "వరకు" అన్న మాటకి అడుగున చిన్న అక్షరాల్లో వివరం ఉంది. ఆ అంకె 18 అంగుళాల చక్రాలున్న రకానిది. నేను నడిపిన దానికి 20 అంగుళాల చక్రాలు. చూడ్డానికి బావుంటాయి, రేంజ్ తింటాయి. అలాగే బ్యాటరీ 77 యూనిట్లు అని పెద్దగా రాశారు గానీ, అందులో మనం వాడుకోగలిగేది 74. మిగతాది బ్యాటరీ ఆరోగ్యం కోసం కారు తన దగ్గరే అట్టేపెట్టుకుంటుంది. (యూనిట్ అంటున్నది కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఒక కిలోవాట్‌అవర్. కారు వాళ్లు దాన్ని పెద్ద పేరుతో పిలుస్తారు, మనకి ఎప్పటినుంచో తెలిసిన మనిషే.)

డీజిల్ కారులో నేను పదకొండేళ్లు ఒక పని మానలేదు. నింపిన ప్రతిసారీ డైరీలో లీటర్లు, కిలోమీటర్లు రాసుకునేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. ఆ డైరీ ఇప్పుడు అక్కరకొచ్చింది. ట్యాంకు ఎంత పెద్దదో నేను ఎప్పుడూ అడగలేదు, లీటరుకి ఎంత ఇస్తుందో అడిగేదాన్ని. మరి ఎలక్ట్రిక్ కారు దగ్గరకి వచ్చేసరికి ట్యాంకు సైజు చూసి మురిసిపోయానెందుకు?

అక్కడినుంచి నా ప్రశ్న మారింది. వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తాగుతుంది, అదీ నేను నడిపే వేగంలో? ఆ అంకె దొరికితే మిగతావన్నీ భాగహారం, గుణకారం.

ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. నా చూపులో ఉన్న రెండో కారు నీలం రంగుది, నేలకి దగ్గరగా ఉండే సెడాన్. వాడుకోగలిగే బ్యాటరీ 58 యూనిట్లు, బ్రోషర్ రేంజ్ 455, ఇదీ డబ్ల్యూఎల్‌టీపీదే. 58ని 455తో భాగిస్తే వందకి 12.7 రావాలి. బ్రోషర్‌లోనే ఇంకో పేజీలో వాడకం 14.1 అని ఉంది. ఎవరో తప్పు రాశారనుకుని సంబరపడ్డాను కూడా. తప్పేం కాదట. వాడకం అంకె గోడలోంచి కారులోకి వెళ్లే కరెంటు లెక్క. చార్జింగ్ అయ్యేటప్పుడు వేడి రూపంలో పోయే పదో వంతు కూడా అందులో కలిసి ఉంటుంది. బిల్లుకి ఆ అంకె కావాలి, దూరానికి కాదు. కారులో డాష్‌బోర్డు చూపించే వాడకంలో ఈ నష్టం ఉండదు. కాబట్టి బ్రోషర్ వాడకాన్నీ డాష్‌బోర్డు వాడకాన్నీ కలపకూడదు.

వాన రోజు తెల్ల కారుని, ఎండ రోజు నీలం కారుని నడిపి పోల్చడం న్యాయం కాదు కాబట్టి, ఒకే రోజు రెండింటినీ అద్దెకు తీసుకున్నాను. అన్నయ్యని పిలిచాను. అన్నయ్యది ఒకటే సిద్ధాంతం, పెద్ద బ్యాటరీ ఉన్న కారు కొనుక్కో, ఆలోచించకు అని. "ఏమ్మా, ఆదివారం పూట నాకీ శిక్ష ఏంటి?" అంటూనే వచ్చాడు.

హైవే మీద 60 కిలోమీటర్లు వెళ్లి, అదే దారిలో వెనక్కి. పోయేటప్పుడు గాలి ఎదురైతే వచ్చేటప్పుడు తోస్తుంది, ఎక్కిన ఎత్తు దిగుతాం, కాబట్టి రెండు వైపులా కలిపితేనే లెక్క. సగం దారిలో కార్లు మార్చుకున్నాం, నా కాలు బరువు, అన్నయ్య కాలు బరువు రెండింటికీ సమానంగా పంచాలని. టైర్లలో గాలి తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంత నింపాం. ఇద్దరం ఏసీ 24 మీదే పెట్టాం. ఇద్దరి మధ్య ఒక కిలోమీటరు దూరం ఉండాలని ముందే చెప్పాను, ఎందుకంటే ముందు బండి వెనక దగ్గరగా నడిస్తే గాలి భారం అది మోస్తుంది, మన కారు పొదుపుగా కనిపిస్తుంది. వేగం స్పీడోమీటర్‌లో కాదు, ఫోన్ జీపీఎస్‌లో చూశాం. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నియమం ఉంది గానీ, ఎక్కువ చూపించొచ్చు. ఆ ఎక్కువ ఎంత అనేది కారుకో తీరు. తెల్ల కారులో ముల్లు 115 దగ్గర ఉంటే అసలు వేగం 110.

గంటకు 110లో తెల్ల కారు వందకి 22.8 యూనిట్లు తాగింది. నీలం కారు 16.1.

అన్నయ్య రెండు సార్లు చూశాడు. డైరీలో నేను భాగహారం చేస్తుంటే భుజం మీదుగా తొంగిచూశాడు. తెల్ల కారు 74 యూనిట్లతో 324 కిలోమీటర్లు. నీలం కారు 58 యూనిట్లతో 360. బ్రోషర్‌లో తెల్లది పాతిక కిలోమీటర్లు ముందుంటే, రోడ్డు మీద నీలంది 36 ముందుంది. "అయితే ఆ పెద్ద బ్యాటరీ ఎందుకు మరి?" అన్నాడు. పెద్ద బ్యాటరీ, దాని బరువు, పెద్ద ఒళ్లు, వెడల్పు చక్రాలు, అన్నిటినీ మోసుకుపోవడానికే సగం సరిపోతోంది, అన్నాను. అంత ఖచ్చితమైన మాటేం కాదది. బరువుకన్నా గాలిదే పెద్ద వాటా. కానీ అన్నయ్యతో వాదనలో గెలిచే అవకాశం నాకు ఎప్పుడో గాని రాదు.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ అందులోనే ఉంది. ఒక కిలోమీటరు దూరం గాలిని చీల్చుకుంటూ పోవడానికి పట్టే శక్తి వేగపు వర్గం లెక్కన పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళ్తే వేగం పెరిగేది ఐదో వంతుకు కొంచెం ఎక్కువ. గాలి భారం పెరిగేది దాదాపు సగం. పట్టిక వేసుకుని చూడండి, 110ని 90తో భాగించి, వచ్చిందాన్ని దానితోనే గుణిస్తే 1.49. వేగం తక్కువున్నప్పుడు ఎత్తు కారు, పొట్టి కారు పెద్ద తేడా లేకుండా నడుస్తాయి. అందుకే సగటు 46 దగ్గర జరిగే పరీక్షలో పెద్ద బ్యాటరీ తెల్ల కారుని ముందుంచింది. వేగం పెరిగే కొద్దీ ఎత్తు కారు గోడలా గాలికి అడ్డంపడుతుంది. కారు గాలికి ఎంత అడ్డమో చెప్పే గుణకం ఒకటుంటుంది. మెర్సిడెస్ ఈక్యూఎస్‌కి 0.20, హ్యుందాయ్ అయోనిక్ 6కి 0.21. అదే కంపెనీ అయోనిక్ 5కి 0.288. దాన్ని ముందు వైపు వైశాల్యంతో గుణించి చూడాలి, ఒట్టి గుణకంతో పని కాదు. ఎత్తు కారు రెండు చోట్లా నష్టపోతుంది.

అదే దారిలో 90లో మళ్లీ నడిపాం. తెల్లది 17.9కి, నీలంది 13.2కి దిగాయి. అంటే 413, 439. వేగం 20 తగ్గిస్తే తెల్ల కారుకి దాదాపు 90 కిలోమీటర్లు కలిసొచ్చాయి. ఆ వాన రోజు 80కి దించడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అన్నమాట.

వాన రోజు 143 ఎటు పోయిందో ఇప్పుడు నా దగ్గర వివరం ఉంది. పొద్దున కనిపించిన 431 అంతకుముందు అద్దెకు తీసుకున్నవాళ్లు ఎలా నడిపారో దాన్నిబట్టి కారు వేసిన అంచనా. వాళ్లు బహుశా ఊళ్లోనే తిరిగి ఉంటారు. అది గడిచిన రోజుల సగటు, రాబోయే దారి గురించి దానికేం తెలుసు? నేను హైవే ఎక్కి 110లో వెళ్లాను. ఎదురుగాలి ఉంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురైతే కారుకి 130లో వెళ్తున్నట్టే, గాలి భారం 40 శాతం పెరుగుతుంది. తడి రోడ్డు మీద టైరు నీళ్లని పక్కకి తోసుకుంటూ పోవాలి, దానికీ శక్తి కావాలి. అద్దాల మీద ఆవిరి పట్టకుండా ఏసీ ఆడుతూనే ఉంది. అన్నీ కలిసి వందకి 26.2 అయింది. ఆ లెక్కన 190 కిలోమీటర్లకు 49.8 యూనిట్లు. మాయం లేదు, మంత్రం లేదు. పద్దు సరిపోయింది, ఆ రాత్రి నిద్రపట్టింది.

ఏసీ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట. ఏసీ, హీటర్ గంటల లెక్కన తింటాయి, కిలోమీటర్ల లెక్కన కాదు. గంటకు యూనిటున్నర తినే ఏసీ హైవే మీద 100లో వెళ్తుంటే వందకి యూనిటున్నరే. అదే ఏసీ ట్రాఫిక్‌లో గంటకు 15 కిలోమీటర్లు పాకుతుంటే వందకి 10 యూనిట్లు. అందుకే ఏసీ వేస్తే రేంజ్ పోతుంది అనేవాళ్లదీ, పోదు అనేవాళ్లదీ ఇద్దరిదీ నిజమే, ఎక్కడ నడుపుతున్నారన్నదే తేడా. చలి ప్రాంతాల వాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపు లేని కారులో మామూలు హీటర్ మూడు నాలుగు కిలోవాట్లు లాగేస్తుంది, చల్లగాలి చిక్కగా ఉంటుంది, చల్లబడ్డ బ్యాటరీ కరెంటు సరిగ్గా ఇవ్వదు, పుచ్చుకోదు. 23 డిగ్రీల గాలికన్నా సున్నా డిగ్రీల గాలి 8 శాతం బరువు. నార్వేలో ఆటోమొబైల్ ఫెడరేషన్ వాళ్లు ఏటా చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కార్లన్నిటినీ ఒకే దారిలో బ్యాటరీ అయిపోయేదాకా నడిపి చూస్తారు. ఆ దేశానికే చెందిన బ్యోర్న్ నైలాండ్ అనే యూట్యూబర్ చాలా కార్లని 90లో ఒకసారి, 120లో ఒకసారి నడిపి అంకెలు పెడతాడు. మీరు చూస్తున్న కారు అక్కడ ఉంటే బ్రోషర్ మూసేసి ఆ 120 అంకె చూడండి. నాకు నా అన్నయ్య ప్రయోగం కన్నా ముందే అది తెలిసి ఉంటే ఒక ఆదివారం మిగిలేది.

నా నిర్ణయాన్ని తేల్చింది మాత్రం హైవే కాదు, అమ్మ ఇంటి గోడకున్న సాకెట్.

అమ్మ ఇంట్లో ప్రత్యేకమైన చార్జర్ లేదు. మామూలు ప్లగ్గు. గంటకు 2.3 యూనిట్లు లాగుతుంది, నష్టం పోగా బ్యాటరీలోకి రెండు చేరతాయి. రాత్రి పది గంటలు పెడితే ఇరవై యూనిట్లు. తెల్ల కారుకి ఆ ఇరవై యూనిట్లంటే 88 కిలోమీటర్లు. నీలం కారుకి 124. ప్లగ్గు అదే, రాత్రి అదే, కరెంటు అదే. తక్కువ తాగే కారు తొందరగా చార్జి అవుతున్నట్టే లెక్క. ఇది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు, ఎందుకంటే వాళ్లు చార్జింగ్ వేగాన్ని కిలోవాట్లలో చెప్తారు, మనం బతికేది కిలోమీటర్లలో.

వాన రోజు 9 శాతంతో చేరాను కదా. తెల్లారేసరికి 36 శాతం అయింది. అంటే దాదాపు 117 కిలోమీటర్లు, కావలసింది 268. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆగాల్సి వచ్చింది. మొదటి స్టేషన్లో మెషీన్ పనిచేయలేదు, తెర మీద ఏదో క్షమాపణ రాసి ఉంది. రెండో దానిలో ముందు ఇంకో కారు ఉంది. మొత్తం గంటన్నర పోయింది. ఫాస్ట్ చార్జింగ్‌లో 80 శాతం దాటాక కరెంటు సన్నని ధార అయిపోతుంది, అందుకని అందరూ 10 నుంచి 80 దాకా ఎక్కించుకుని బయల్దేరతారు. అంటే దూర ప్రయాణంలో మధ్య మజిలీల్లో మన చేతికొచ్చేది బ్యాటరీలో 70 శాతమే. తెల్ల కారుకి 110లో అది 227 కిలోమీటర్లు, నీలానికి 252. బ్రోషర్ 480 అక్కడికొచ్చేసరికి 227 అయింది చూశారా.

ఆ తర్వాత ఒక రాత్రి కూర్చుని, సగటు రోజుని పక్కన పెట్టి, నా చెడ్డ రోజుకి లెక్క వేశాను. రోజూ ఆఫీసుకి పోను 22, రాను 22. దానికి ఈ రెండు కార్లే కాదు, ఏ ఎలక్ట్రిక్ కారైనా సరిపోతుంది, దాని గురించి ఒక్క వాక్యం కన్నా ఎక్కువ ఆలోచించడం దండగ. చెడ్డ రోజంటే 268 కిలోమీటర్లు, వాన, ఎదురుగాలి, 110లో, అమ్మ ఊరు మా ఊరి కంటే 600 మీటర్లు ఎత్తు. వానకి పదిహేను శాతం కలిపాను. ఎత్తు ఎక్కడానికి రెండు టన్నుల బండికి వంద మీటర్లకు అర యూనిట్ కన్నా కొంచెం ఎక్కువ, అంటే ఆరు వందలకు మూడున్నర నాలుగు యూనిట్లు. దిగేటప్పుడు అందులో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది గానీ, వెళ్లేటప్పుడు ఆ మాట పనికిరాదు. తెల్ల కారుకి 74.2 యూనిట్లు కావాలి, ఉన్నవి 74. నీలం కారుకి 53 కావాలి, ఉన్నవి 58. చేరేసరికి 9 శాతం.

ఇంకో పదేళ్లు ఉంచుకునే కారు కదా, ముసలితనం కూడా చూడాలి. చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, 70 శాతానికి తగ్గదని హామీ ఇస్తాయి. అంత పడిపోతుందని కాదు, అక్కడిదాకా వాళ్ల పూచీ. నేను 80 శాతం దగ్గర లెక్క వేశాను. నీలం కారులో అప్పుడు 46 యూనిట్లుంటాయి, 10 శాతం అట్టేపెట్టుకుంటే 110లో 259 కిలోమీటర్లు. అమ్మ ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు తక్కువ! నవ్వొచ్చింది. 90లో వెళ్తే 316 వస్తాయి, పైన ఎక్కే ఎత్తుకి తీసేసినా సరిపోతుంది. అప్పటికి నాకూ నెమ్మదిగా నడిపే వయసు వచ్చేస్తుంది, ఇద్దరికీ కుదురుతుంది.

నీలం కారు బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం. వారానికోసారి నిండా 100 శాతం చార్జి చేయమని కంపెనీయే చెప్తుంది. తెల్లదాన్ని రోజువారీ వాడకానికి 80 దగ్గర ఆపమన్నారు. దూరం వెళ్లే రోజు 100 పెట్టుకోవచ్చు గానీ, అది ముందు రాత్రే గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోను.

ఒక చిన్న పక్కదారి. కొన్ని కార్లు వాడకాన్ని తిరగేసి, యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు అని చూపిస్తాయి. లీటరుకి ఇంత అని అలవాటైన మనకి అదే సులువుగా అనిపిస్తుంది. కానీ అందులో ఒక కిటుకుంది. 4 నుంచి 5కి పెరిగితే వందకి 5 యూనిట్లు ఆదా. 6 నుంచి 7కి పెరిగితే రెండున్నర కూడా కాదు. రెండు చోట్లా ఒక్క అంకే పెరిగినట్టు కనిపిస్తుంది. పోల్చేటప్పుడు వందకి ఎన్ని యూనిట్లు అన్నదే పెట్టుకోండి.

ఇంత లెక్క వేశాక కూడా నీలం కారు కొనడానికి మూడు వారాలు తటపటాయించాను. కారణం అమ్మ మోకాళ్లు. ఎత్తు కారులో సీటు నడుము దగ్గర ఉంటుంది, జరిగి కూర్చుంటే చాలు. నీలం కారులోకి దిగాలి, బయటికి రావాలంటే లేవాలి. అమ్మని ఒకసారి కూర్చోబెట్టి చూశాను. కూర్చోవడం బాగానే కూర్చుంది. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇది కారా, నుయ్యా?" అంది. ఆ బాధకి వందకి ఇన్ని యూనిట్లని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. మా వాడికి తల పైన చోటు తక్కువని ఇంకో ఫిర్యాదు, వాడిదైతే పట్టించుకోలేదు.

చివరికి నీలం కారే తీసుకున్నాం. అమ్మ సీట్లో రెండు అంగుళాల మందం దిండు వేశాను. రంగు మాత్రం బూడిద రంగు, నీలం దొరకలేదు. అయినా ఇంట్లో అందరూ నీలం కారనే పిలుస్తున్నారు.

పోయిన నెల మొదటిసారి దాంట్లో అమ్మ ఇంటికి వెళ్లాను. వాన లేదు, గాలి లేదు, 110. నా డైరీ లెక్క ప్రకారం 20 శాతం మిగలాలి. గేటు ముందు ఆపి చూస్తే 21. ఒక శాతం తేడా ఎక్కడ వచ్చిందా అని ఆలోచిస్తుండగానే అమ్మ వరండాలోంచి దిగొచ్చింది. ఇదివరకు ఎప్పుడొచ్చినా "ఇంత ఆలస్యమేంటే?" అనేది. ఈసారి కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "ఎంత శాతంతో వచ్చావే?" అని అడిగింది.